వేపచెట్టు కింద బెంచీలు గీసే పాపకు ఏ కోర్సు?

ప్రశ్న: మాది ఒంగోలు. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఊళ్లో ఖాళీగా పడున్న జాగాల్లో జనం కూర్చుని తినేలా, పర్యావరణానికి చేటు లేని ఆరుబయలు ఫుడ్‌కోర్టులు డిజైన్ చేస్తానంటోంది. ఏడాది డిప్లొమా ఒకటి చూసుకుంది, ఫీజు నాలుగు లక్షలు. నేను సీఎస్‌ఈ అంటే అలిగి అన్నం మానేసింది. తను గీసిన పిచ్చిగీతల ఫొటో పంపుతున్నా. డిప్లొమానా, ఆర్కిటెక్చరా, సీఎస్‌ఈనా? టిఫిన్ బండ్ల దగ్గర పనంటే చుట్టాలకు ఏం చెప్పుకోను?

జవాబు: అయ్యా, మీ టెన్షనంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఈ మాట వారానికి ఒకరైనా అడుగుతారు. ముందు ఆ కాగితం సంగతి. సాయంత్రం నాలుగింటికి వేపచెట్టు నీడ ఎటు పడుతుందో గీసి, బెంచీలు అటే వేసింది పాప. చీమకుర్తి క్వారీల్లో మిగిలిన రాతిముక్కలతో బెంచీలు అని రాసి, పక్కనే ‘నల్లరాయి కాలుతుంది, నీడలోనే వెయ్యాలి’ అని చిన్నక్షరాల్లో రాసుకుంది. రోహిణి కార్తెలో ఆ రాయి మీద కూర్చుని లేచినవాళ్లకే తట్టే మాట అది. వీటినా మీరు పిచ్చిగీతలన్నది? తప్పు మాట అన్నారు. పాపకు ఆ సంగతి మీరే చెప్పండి.

డిప్లొమా మాత్రం వద్దు. ‘సస్టైనబుల్’ అని తగిలిస్తే చాలు, ఫీజు పెరిగిపోతోంది. అలాంటి కోర్సులు చేసి నా దగ్గరికి వచ్చిన పిల్లల ఫైళ్లలో వెదురు దీపాలు, పాత టైర్ల కుర్చీలు బోలెడు. ప్లేట్లు కడిగిన నీళ్లు ఎటు పోవాలి? జిడ్డు కాలవలోకి దిగకుండా ఎక్కడ ఆపాలి? మిగిలిన అన్నం, విస్తరాకులు ఎక్కడ ఎరువవ్వాలి? అడిగితే నీళ్లు నమిలారు. అక్కడ ఇప్పటికే బండి పెట్టుకున్న మనిషి ఏమైపోతాడన్న ఆలోచనే లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వీధి వ్యాపారుల సంగతులు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి. వాళ్లతో మాట్లాడకుండా వేసిన ప్లాను ఎంత అందంగా ఉన్నా నిలవదు. ఇవన్నీ ఏడాదిలో ఒంటబట్టవు. పైగా 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద నమోదు కానివాళ్లు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు, ఈ డిప్లొమాతో ఆ నమోదు రాదు.

పాపకు బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, సరిపోతుంది. ఐదేళ్లు. తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో, అంటే ఆరుబయలు జాగాల డిజైన్‌లో, పీజీ చేయొచ్చు, విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో రెండూ ఉన్నాయి. మొదట్లో జీతం తక్కువే, దాచను. పనంతా ఫుడ్‌కోర్టులే ఉండదు. ఇళ్లు, బళ్లు, పార్కులు కూడా చేయాలి. సీఎస్‌ఈ మంచి చదువే, దాని మీద మనసున్న పిల్లలకు.

చుట్టాలు అడిగితే అహ్మదాబాద్ కాంకరియా చెరువు సంగతి చెప్పండి. 2018లో అక్కడి తినుబండారాల వీధికే దేశంలో మొదటి ‘క్లీన్ స్ట్రీట్ ఫుడ్ హబ్’ గుర్తింపు వచ్చింది. అలాంటి పని చేసే బిడ్డ ఇంట్లో ఉంటే తలదించుకోవడం ఎందుకు?

ఆదివారం సాయంత్రం పాపతో ఆ జాగాకు వెళ్లండి. బండి మనిషి నీళ్లెక్కణ్నుంచి తెచ్చుకుంటున్నాడో తనే అడుగుతుంది. కొలతలకు టేపు తీసుకెళ్లండి, ఒక కొస మీరు పట్టుకోండి.