వేసవి ప్రయాణంలో ఉగ్గు పిండి, పాలపొడి పాడవకుండా ఎలా తీసుకెళ్లాలి?

8 నెలల బాబుతో మే నెలలో విజయవాడ నుంచి బెంగళూరుకు రైల్లో వెళ్తున్నాం, ఉగ్గు పిండీ పాలపొడీ (పసిపిల్లల ఫార్ములా) ఐస్ ప్యాక్‌లున్న బ్యాగులో పెడితే సరిపోతుందా అని అడిగారు. పొడులకు ఐస్ వద్దండి. చల్లబడిన డబ్బాను నంద్యాల ఎండలో మూత తీశారంటే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు దానికీ చెమట పడుతుంది. ఆ చెమ్మ పొడిలోకే పోతుంది. మామూలు వేడికి పొడి ఒక్క పూటలో చెడిపోదు, తడి తగిలితే మాత్రం గడ్డ కడుతుంది, బూజు పడుతుంది.

మా పిల్లల ఉగ్గు పిండి కాకినాడ నుంచి మా అత్తయ్య బస్సు పార్శిల్‌లో పంపేది. అక్కడ గాలిలోనే తేమ, వానాకాలమైతే చెప్పక్కర్లేదు. అయినా పిండి గలగలలాడుతూ వచ్చేది. బియ్యం, పెసరపప్పు కడిగాక పంటి కింద పటుక్కుమనే దాకా ఆరబెట్టి, సన్న సెగ మీద దోరగా వేయించి, వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చేది. ఇంతవరకు అందరూ చేస్తారు. చాలామంది మర్చిపోయేది తర్వాతి సంగతి: మిక్సీ పట్టాక పిండి మళ్లీ వేడెక్కుతుంది. దాన్ని అలాగే డబ్బాలో పోసి మూత బిగిస్తే కాసేపటికి మూత లోపల ఆవిరి చుక్కలు కనిపిస్తాయి. ఆవిడ మళ్లీ పళ్లెంలో పోసి, వేళ్లతో చాళ్లు తీసి, ఎక్కడా వెచ్చదనం తగలదని చూసుకున్నాకే డబ్బాకి ఎత్తేది.

ప్రయాణానికి చేసే పిండిలో బాదం, జీడిపప్పు కలపకండి. వాటిలో నూనె ఉంటుంది కాబట్టి వేడికి త్వరగా ముక్కిపోయిన వాసన వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పటికబెల్లం పొడి కలపమంటారు, అదీ వద్దు. అది తేమను లాగుతుంది, పైగా ఏడాది లోపు పిల్లలకి తీపి అవసరమే లేదు. మొత్తం పిండి ఒకే డబ్బాలో పెట్టకుండా ఒక్కో పూటకి ఒక్కో చిన్న జిప్ కవర్‌లో వేసి, అవన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టండి. ఒకటి తెరిచినా మిగతావాటికి గాలి తగలదు.

అయితే రైల్లో ఉగ్గు ఉడికించలేరు కదా. పొద్దున్నే వండి డబ్బాలో పట్టుకెళ్దామనుకుంటారు, మే నెలలో ఆ పని చేయకండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వండిన తిండిలో క్రిములు జోరుగా పెరుగుతాయి, మన బోగీలో ఉండేది సరిగ్గా ఆ మధ్య వేడే. రైలుకి నేనైతే వేయించిన అటుకుల పొడి పట్టుకెళ్తాను. ఫ్లాస్కులోని వేడి నీళ్లు పోసి మూత పెడితే కాసేపటికే మెత్తగా నానుతుంది. బాబుకి ఈ రుచి ముందే ఇంట్లో అలవాటు చేయండి, రైల్లో కొత్తగా పెడితే ఉమ్మేస్తాడు. ఇక అరటిపండు ఉండనే ఉంది, దానికి ఏ ప్యాకింగూ అక్కర్లేదు!

పాలపొడి విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త. పాలపొడిలో క్రిములు అసలే ఉండవని అనుకోవద్దు. అందుకే మరిగించి, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్న నీళ్లలో కలిపి తర్వాత చల్లార్చమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బయల్దేరే ముందు ఫ్లాస్కుని ఒకసారి వేడి నీళ్లతో కడిగి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు సలసలా కాగిన నీళ్లు నింపండి, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. రాత్రి అయ్యేసరికి నీళ్లు గోరువెచ్చగా అయిపోతే మళ్లీ మరిగించిన నీళ్లు సంపాదించుకోవాల్సిందే.

కలిపేటప్పుడు ఒక్కటి గమనించండి. పొగలు కక్కుతున్న సీసా మీద స్పూను బోర్లిస్తే స్పూనుకి ఆవిరి పడుతుంది. అదే స్పూను మళ్లీ డబ్బాలో పెడితే అడుగున చిన్న గడ్డ మొదలవుతుంది. అందుకని స్పూన్లు ఇంట్లోనే కొలిచి, అరలున్న పాలపొడి డబ్బాలో పూటకింత పోసుకుంటే రైల్లో ఆ బెడద ఉండదు. కలిపిన పాలు రెండు గంటలకు మించి ఉంచొద్దు, బాబు నోరు పెట్టిన సీసా అయితే గంటలోపే. ఎండ మండిపోతుంటే నేను అంతసేపు కూడా ఆగను, మిగిలింది పారబోస్తాను. అయ్యో పాలు అని పెద్దవాళ్లు బాధపడతారు, పడనివ్వండి.

పిండిన తల్లిపాలు తీసుకెళ్తుంటే ఐస్ బ్యాగు వాటికి వాడండి. ఐస్ ప్యాక్‌లు సీసాలకు ఆనుకుని ఉంటే 24 గంటల దాకా పర్వాలేదు. పొడులు మాత్రం ఆ బ్యాగులో పెట్టకండి. తడి గుడ్డలు, నీళ్ల సీసా ఉన్న అరలో కూడా వద్దు.

స్టేషన్‌కి కారులో వెళ్తుంటే బ్యాగు డిక్కీలో వేయకుండా మీ దగ్గరే ఉంచుకోండి. ఎండలో ఆపిన కారు లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ. రైల్లో కిటికీ పక్కన ఎండ పడే చోట కాకుండా సీటు కింద పెడితే చాలు.

సిలికా జెల్ ప్యాకెట్లు వేయమని ఎవరైనా చెబితే వినకండి. అది చిరిగితే గుళికలు పిండిలో కలుస్తాయి, బాబు చేతికి దొరికితే నోట్లో పెట్టుకుంటాడు. పిండి సరిగ్గా ఆరి ఉంటే దాని అవసరమే రాదు.