సన్‌రూఫ్ పగిలితే చిట్టీ పాడాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. టెక్సస్‌లో ఎంఎస్ పూర్తిచేసి ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. లోన్ మీద సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నాను. మొన్న హైవే మీద వెళ్తుంటే పెద్ద శబ్దం వచ్చి పైనున్న సన్‌రూఫ్ ముక్కలైపోయింది. రాయి తగిలినట్టు కూడా లేదు. డీలర్ దగ్గర రెండు వేల డాలర్ల దాకా అవుతుందన్నారు. ఇన్సూరెన్స్‌కి చెబితే ప్రీమియం పెరిగిపోతుందని రూమ్మేట్లు అంటున్నారు. నాన్నకి ఫోన్ చేస్తే ఈ నెల చిట్టీ పాడి పంపిస్తానన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు మీ నాన్నగారికి ఫోన్ చేసి చిట్టీ పాడొద్దని చెప్పు. ఆ తర్వాత తీరిగ్గా ఇది చదువు.

నేను ప్రస్తుతం శ్రీకాకుళంలోనే ఉన్నాను. ఏటా సంక్రాంతికి వచ్చి, రథసప్తమికి అరసవల్లి దర్శనం చేసుకుని న్యూజెర్సీ తిరిగి వెళ్తాను. వచ్చినప్పుడల్లా నరసన్నపేట నుంచో, ఆమదాలవలస నుంచో, రాజాం నుంచో పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు ఇంటికొస్తారు. ఫోన్‌లో కొడుకు కొన్న కారు ఫోటో చూపిస్తారు. ఆ ఫోటో వెనకాల ఎంత అప్పుందో నాకు తెలుసు. బ్యాంకు లోను, అది చాలక ఎకరమో అరెకరమో తాకట్టు, ఆ పైన చిట్టీలు. అవసరానికి పాడిన చిట్టీలో పాట కింద పోయిన డబ్బు మళ్లీ రాదు. రెండు వేల డాలర్లంటే మీ నాన్నగారికి లక్షన్నర పైమాటే. ఒక అద్దం కోసం అంత డబ్బు చీపురుపల్లి నుంచి టెక్సస్ రావాల్సిన పని లేదు.

ఎందుకు లేదో చెబుతాను. కారు లోన్ మీద కొన్నానన్నావు. అప్పు తీరేదాకా ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్, కొలీజన్ (కారు గుద్దుకుంటే మన కారు నష్టానికిచ్చేది) రెండూ ఉంచాలని అప్పిచ్చినవాళ్లే షరతు పెడతారు. కాబట్టి నీ పాలసీలో కాంప్రహెన్సివ్ ఉండే ఉంటుంది. నువ్వు చూసుకోలేదంతే. వడగళ్లు, దొంగతనం, ఎగిరొచ్చిన రాయి, అద్దం పగలడం మామూలుగా దీని కిందికే వస్తాయి. పాలసీ మొదటి పేజీల్లో కాంప్రహెన్సివ్ పక్కన డిడక్టబుల్, అంటే బిల్లులో మనం పెట్టుకోవాల్సిన వాటా, ఎంతో రాసి ఉంటుంది. ఎక్కువమందికి అయిదు వందలో, వెయ్యో ఉంటుంది. బిల్లు రెండు వేలైనా నీ జేబులోంచి పోయేది అంతే. ఆ అంకె చూడకుండా ఇండియాకి ఫోన్ చేశావు. కొత్తగా వచ్చిన పిల్లలంతా ఇలాగే చేస్తారు. నేనైతే ఇంకో రకంగా నష్టపోయాను.

నేను వచ్చిన కొత్తలో, దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక తెలుగాయన దగ్గర పాత సెడాన్ రొక్కం పెట్టి కొన్నాను. లోను లేదు కాబట్టి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలో అడిగేవాళ్లు లేరు. లయబిలిటీ ఒక్కటే తీసుకున్నాను. మన దగ్గర థర్డ్ పార్టీ అంటామే, అలాంటిది. ఎదుటివాడి కారుకి మన వల్ల నష్టమైతే ఇస్తారు, మన కారు మనమే చూసుకోవాలి. నెలకి మిగిలే ఆ కొద్ది డాలర్లు కూడా ఇంటికి పంపితే, నాన్న కొట్టు మీద తెచ్చిన అప్పు తొందరగా తీరుతుందని నా లెక్క. జీతం పడిన రోజే పంపేసేవాణ్ని. నా ఖాతాలో అద్దెకీ కూరలకీ సరిపడా తప్ప ఏమీ ఉండేది కాదు.

ఒక చలికాలం పొద్దున ఆఫీసుకి వెళ్తుంటే నెత్తి మీద ఢామ్మని పేలింది. పక్క లేన్‌లో ట్రక్కు టైరు పేలిందనుకున్నాను. చల్లగాలి దూసుకొచ్చి మెడ మీద పడేదాకా పైకి చూడలేదు. కారు పక్కకి ఆపి, ఆ కంగారులో సన్‌రూఫ్ బటన్ నొక్కాను, వెనక్కి జరిగితే మిగిలిన గాజు లోపలికి పోతుందని. అప్పటిదాకా ఫ్రేములో నిలబడ్డ ముక్కలు కూడా పట్టాల్లోకి రాలిపోయాయి. మోటారు కరకరమని శబ్దం చేసి ఆగిపోయింది. నువ్వు బటన్ నొక్కకపోయి ఉంటే ఇప్పుడు కూడా నొక్కకు. లోపలి గుడ్డ షేడ్ మూసి ఉంటే అలాగే ఉంచు, ముక్కలు దాని మీదే ఆగుతాయి.

సాయంత్రం డక్ట్ టేపు, చెత్త సంచీ కొనుక్కొచ్చి పైకప్పుకి అంటించాను. హైవే ఎక్కగానే గాలికి సంచీ లేచిపోయింది. రెండోసారి ఇంకా ఎక్కువ టేపు వేశాను. కొన్నాళ్లకి దాన్ని పీకితే జిగురు మిగిలిపోయింది, ఒకచోట రంగు కూడా ఊడింది. ఈలోగా వాన పడింది. సన్‌రూఫ్ చుట్టూ సన్నటి కాలువ ఉంటుంది. మూలల దగ్గర గొట్టాలు మొదలై, ముందువి విండ్‌షీల్డ్ పక్క స్తంభాల్లోంచి కిందికి దిగి నీళ్లని బయటికి వదులుతాయి. అద్దం బాగున్న కార్లో కూడా కొన్ని నీళ్లు లోపలికొచ్చి అలాగే పోతుంటాయి. నా కార్లో గాజుముక్కలు వెళ్లి ఆ గొట్టాలకి అడ్డం పడ్డాయి. నీళ్లు వెనక్కి తన్ని పైకప్పు గుడ్డలోకి, అక్కడినుంచి కాళ్ల కింది కార్పెట్‌లోకి దిగాయి. కార్పెట్ కింద వైర్లుంటాయని నాకప్పుడు తెలీదు. డాష్‌బోర్డు లైట్లు పిచ్చిపిచ్చిగా వెలగడం మొదలెట్టాక మెకానిక్ దగ్గరికి పరిగెత్తాను.

ఆయన ఇచ్చిన అంకె చూసి టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు. అద్దం, పట్టాలు, మోటారు అన్నీ కలిపి మొత్తం సెట్టు మార్చాలన్నాడు. క్రెడిట్ కార్డు గీసేశాను. ఆ నెలా, తర్వాతి నెలా కూడా ఇంటికి పంపే మొత్తం తగ్గించలేదు. తగ్గిస్తే అడుగుతారని భయం. కార్డుకి మాత్రం మినిమమ్ కడుతూ వచ్చాను. నాన్న కొట్టు అప్పు మీద వడ్డీ కన్నా ఆ కార్డు వడ్డీ చాలా ఎక్కువ. చిన్న వడ్డీ తీర్చడానికి పెద్ద వడ్డీ నెత్తినేసుకున్నానని ఒకరోజు కాగితం మీద లెక్కేసుకుంటే గానీ తెలీలేదు. చాలాకాలం తర్వాత నాన్నతో చెబితే, "ఓ రెండు నెలలు పంపకపోతే కొట్టు మునిగిపోద్దేటి?" అన్నారు.

అక్కణ్నుంచి నేను పట్టుదలగా నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇంకో కారుకి పగిలిన సన్‌రూఫ్ అద్దాన్ని జంక్‌యార్డులో, అంటే పాత కార్ల పార్టులమ్మే చోట, వెతికి, పార్ట్ నంబరు సరిచూసి, సగం కన్నా తక్కువ ఖర్చుతో వేయించాను. ఇవాళ మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరి కారుకి ఏమైనా ముందు నాకే ఫోన్ వస్తుంది. కాబట్టి ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను.

రాయి తగల్లేదు కదా, ఎలా పగిలిందని నీ అనుమానం. చాలా కార్ల సన్‌రూఫ్ టెంపర్డ్ గాజు. బాగా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పైపొర బిగుసుకుని, లోపల లాగుడు ఉండిపోతుంది. గట్టిదే, కానీ అంచు మీద చిన్న దెబ్బ తగిలినా, గాజులో నికెల్ సల్ఫైడ్ రేణువు చిక్కుకున్నా, ఎప్పుడో ఒకరోజు బిగువంతా వదిలి పటికబెల్లం ముక్కల్లా రాలిపోతుంది. ఎప్పుడో తగిలిన రాయి దెబ్బకి ఇవాళ పగలొచ్చు. కొన్ని కార్లలో మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు వేస్తారు, అది పగిలినా అతుక్కునే ఉంటుంది. ఇది నీ ఒక్కడికే జరిగిన వింత కాదు. అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2013లో ఒక మోడల్ పనోరమిక్ (పైకప్పులో ఎక్కువ భాగం పరుచుకునే) సన్‌రూఫ్‌ల మీద విచారణ కూడా మొదలుపెట్టింది. వాళ్ల సైట్లో నీ కారు విన్ నంబరు (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు సంఖ్య) కొట్టి రీకాల్, అంటే తయారీ లోపానికి కంపెనీయే బాగుచేసిచ్చే ప్రకటన, ఉందేమో చూడు. ఉంటే పైసా ఖర్చు లేకుండా పోతుంది. కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా ఒక ఫోన్ చెయ్యి. వారంటీలో గాజు మామూలుగా ఉండదు, కానీ దెబ్బ గుర్తు లేదని ఫోటోలు చూపిస్తే కొన్నిసార్లు ఎంతో కొంత భరిస్తారు. అడగడానికి సిగ్గెందుకు?

ఊడ్చేసే ముందే ఫోటోలు తీసుకో, లోపలా బయటా. కొన్ని ముక్కలు, ముఖ్యంగా కంపెనీ ముద్ర ఉన్న మూల ముక్క దొరికితే, సంచీలో దాచు. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని పైనుంచి వాక్యూమ్ చెయ్యి. తర్వాత మందపాటి ప్లాస్టిక్ షీటు పైకప్పంతా పరిచి, అంచుల్ని తలుపుల్లోకి దూర్చి తలుపులు వేసెయ్యి. రంగు మీద టేపు పడకుండా పనైపోతుంది. పని పూర్తయ్యేదాకా హైవే ఎక్కొద్దు. టెక్సస్‌లో వడగళ్లు ఎప్పుడు పడతాయో చెప్పలేం, కప్పున్న పార్కింగ్ ఉంటే నాలుగు డాలర్లు పోయినా అక్కడే పెట్టు.

ఇక డీలర్ చెప్పిన రెండు వేలు. అది అద్దానికా, మొత్తం సెట్టుకా అని అడిగావా? అడిగి ఉండవు. పట్టాలు, మోటారు బాగుంటే అద్దం ప్యానెల్ ఒక్కటి మారిస్తే చాలు. మామూలు సన్‌రూఫ్‌కైతే కొన్ని స్క్రూలతో బిగించి ఉంటుంది, పెద్ద పని కాదు. పనోరమిక్‌లో కదలని అద్దమైతే జిగురుతో అతికిస్తారు, పని ఎక్కువ. మొత్తం సెట్టు మార్చాలంటే పైకప్పు లోపలి గుడ్డంతా దించాలి, అక్కడే కూలి పెరుగుతుంది. కోట్‌లో పార్టుకెంత, లేబర్‌కెంత విడివిడిగా రాయించుకో. గాజు పని మాత్రమే చేసే షాపుల్లో ఇంకో రెండు కోట్‌లు తీసుకో. కంపెనీ పార్టా, ఆఫ్టర్‌మార్కెటా (వేరే కంపెనీ చేసిన పార్టా), జంక్‌యార్డ్‌దా అన్నది కూడా అడుగు. కంపెనీ పార్టు కోసం ఒక్కోసారి వారాల తరబడి ఆగాల్సి వస్తుంది.

ఆ కోట్‌లు చేతిలో పెట్టుకుని ఇన్సూరెన్స్ సంగతి చూడు. బిల్లు ఏడు వందలై, డిడక్టబుల్ అయిదు వందలైతే, ఆ రెండు వందల కోసం క్లెయిమ్ వద్దు. పద్నాలుగు వందలైతే చెయ్యి. కాంప్రహెన్సివ్ క్లెయిమ్‌లో నీ డ్రైవింగ్ తప్పేం లేదు కాబట్టి యాక్సిడెంట్ క్లెయిమ్‌లా ప్రీమియం మీద పడదు. కంపెనీని బట్టి కొంత తేడా ఉంటుంది. ఏజెంటుకి ఫోన్ చేసి, "క్లెయిమ్ తెరవొద్దు, ఊరికే అడుగుతున్నాను" అని ముందే చెప్పి తెలుసుకో. రూమ్మేట్ల మాట విని డబ్బు నిర్ణయాలు తీసుకోకు. వాళ్లు చెప్పేవి సగం వేరే రాష్ట్రాల సంగతులు. ఫ్లోరిడాలో కాంప్రహెన్సివ్ ఉన్నవాళ్లకి ముందద్దం మీద డిడక్టబుల్ లేదన్నది నిజమే, కానీ సన్‌రూఫ్‌కి కాదు. టెక్సస్‌లో ఏ షాపులో చేయించుకోవాలో ఎంచుకునే హక్కు నీదే. మిగతా నిబంధనలు రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ సైట్లో ఉంటాయి.

డబ్బు గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. డిడక్టబుల్ ఎంతో అంత మొత్తం వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టేదాకా ఇంటికి ఒక్క డాలరు పంపకు. అది స్వార్థం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడితోటలు కూలిపోయాయి. అప్పుడు చేతిలో కాస్త దాచుకున్న పిల్లలు వెంటనే పంపగలిగారు. ఉన్నదంతా నెలనెలా ఊడ్చి పంపేసినవాళ్లు, అసలు అవసరం వచ్చిన రోజున కార్డు గీకి పంపారు. నాకు తెలిసినవాళ్లలో ఆ కార్డు బాకీ ఏళ్ల తరబడి మోసినవాళ్లున్నారు. ఇది చదివే తల్లిదండ్రులకి కూడా చెబుతున్నాను. మొదటి ఏడాది పిల్లలు తక్కువ పంపితే కంగారు పడకండి.

అద్దం వేయించాక షాపులోనే నాలుగు పనులు చేయించు. డ్రెయిన్ గొట్టాల్లో గాజు లేదని నీళ్లు పోసి చూపించమను. అద్దం పైకప్పుతో సమానంగా కూర్చుందో లేదో చేత్తో తడిమి చూడు. కాస్త పైకి లేచి ఉంటే హైవే మీద ఈల వేస్తుంది. మోటారు రీసెట్ చేయించు, చెయ్యి అడ్డొస్తే అద్దం తనంతట ఆగాలంటే అది అవసరం. జిగురుతో అతికించిన అద్దమైతే ఎన్ని గంటలు నడపకూడదో, ఎన్నాళ్లు కారు వాష్‌కి తీసుకెళ్లకూడదో అడిగి తెలుసుకో. నీళ్లు కారితే ఉచితంగా సరిచేస్తామని రసీదు మీద రాయించుకో. నోటిమాట చాలదు. ఆ రసీదు కార్లోనే ఉంచు, రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు పైకప్పు గుడ్డ మీద మరక ఉందేమోనని వెతుకుతాడు, బేరం తగ్గిస్తాడు. కాగితం చూపిస్తే నీ ధర నీకొస్తుంది.