డీజేయింగ్ మొదటి నుంచి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? సింక్ బటన్ వాడితే తప్పా?

ఏ కంట్రోలర్ (పాటలు కలిపే మీటలున్న పరికరం) కొనాలి, రెండు పాటల వేగాన్ని తనంతట తానే కలిపే సింక్ నొక్కితే అసలు నేర్చుకున్నట్టేనా అని అడిగారు. కొనే సంగతి తర్వాత. ముందు మీ దగ్గరున్న పాటల్నే పెట్టుకుని బీట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది అదే.

డాన్స్ మ్యూజిక్ చాలావరకు నాలుగేసి బీట్ల బార్లుగా నడుస్తుంది. ఎనిమిది బార్లు కలిస్తే 32 బీట్లు, దాన్నే ఫ్రేజ్ అంటారు. డ్రమ్స్ అందుకోవడం, గొంతు ఆగిపోవడం, బేస్ (లోతైన మంద్ర ధ్వని) అందుకోవడం లాంటి మార్పులు మామూలుగా కొత్త ఫ్రేజ్ మొదటి బీట్ మీదే వస్తాయి. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) పాటలో ఒక ఫ్రేజ్ సరిగ్గా 15 సెకన్లు. నేర్చుకునే రోజుల్లో ఏ పాట చెవిన పడినా వేళ్ల మీద లెక్కపెట్టేవాణ్ణి. కొన్నాళ్లకి లెక్కతో పని లేకుండానే, ఇప్పుడు మారబోతోందని ముందే తెలిసిపోయేది. అది వచ్చాక రెండో పాటను ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవర్నీ అడగక్కర్లేకపోయింది: మొదటి పాటలో ఫ్రేజ్ మొదలయ్యే చోట, రెండోదాని మొదటి బీట్.

సింక్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. సింక్ రెండు పాటల టెంపోని (వేగాన్ని), బీట్లని కలుపుతుంది, అంతే. ఏ పాట ఎక్కడ మొదలవ్వాలో మీరే చూసుకోవాలి. ఒక పాటలో గొంతు సగంలో ఉండగా ఇంకో గొంతు మీద పడుతుంటే బీట్లు ఎంత బాగా కలిసినా వినలేం. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని, జనం ఊగిపోయే డ్రమ్స్ భాగాన్నే మళ్లీ మళ్లీ సాగదీసేవాడు. పాటలో ఏ ముక్క ఎక్కడుందో తెలియడమే ఆయన బలం. అందుకే సింక్ వాడటం తప్పని నేననను.

అయినా చెవితో బీట్ కలపడం మాత్రం తప్పకుండా నేర్చుకోండి. లైవ్ డ్రమ్మర్ వాయించిన పాత పాటల్లో టెంపో కాస్త అటూ ఇటూ అవుతుంది, బీట్లు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ గుర్తులు పెట్టిన బీట్‌గ్రిడ్ తప్పుతుంది, సింక్ మిమ్మల్ని నడిమధ్యలో వదిలేస్తుంది. సాధన ఇలా చెయ్యండి. దగ్గరి టెంపో ఉన్న పాటలు రెండు తీసుకుని, స్క్రీన్ మీద బీపీఎం కనపడకుండా మూసేయండి. ఒక చెవికి స్పీకర్, ఇంకో చెవికి హెడ్‌ఫోన్. కిక్‌లు (పెద్ద డ్రమ్ దెబ్బలు) రెండూ ఒక్కటిగా వినిపించకుండా దడదడమంటుంటే ఏదో ఒకటి వెనకబడిందన్నమాట. జాగ్ వీల్‌ని (చేత్తో తిప్పే చక్రాన్ని) కాస్త నెట్టండి, మళ్లీ జారితే పిచ్ ఫేడర్ (పాట వేగం మార్చే జారుడు మీట) సవరించండి. 120కీ 120.5కీ తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ నిమిషం తిరిగేసరికి పాటలు అర బీట్ దూరం జరుగుతాయి. మొదట్లో ఏది ముందుందో, ఏది వెనకుందో అస్సలు తెలియదు. తోచిన వైపు నెట్టి చూడండి, గందరగోళం పెరిగితే రెండో వైపు నెట్టండి. చెవి అలాగే పదునెక్కుతుంది.

తర్వాత బేస్. రెండు పాటల బేస్ ఒకేసారి మోగితే ధ్వని బురద నీళ్లలా అయిపోతుంది, ఏ వాయిద్యమూ విడిగా వినపడదు. అందుకని వచ్చే పాటను లో నాబ్ (బేస్‌ని పెంచే, తగ్గించే మీట) పూర్తిగా తగ్గించి లోపలికి తీసుకురండి. కొత్త ఫ్రేజ్ మొదటి బీట్ మీద పాత పాట బేస్ తీసేసి, అదే క్షణంలో కొత్తదాని బేస్ ఇవ్వండి. ఫ్లోర్ మీద జనానికి పాట మారినట్టు ఒంటికి తెలిసే క్షణం అదే. నాకు ఇప్పటికీ మిక్సింగ్‌లో ఎక్కువ ఇష్టమైన పని ఇది.

గెయిన్ (ఒక్కో పాట శబ్ద స్థాయి) విషయంలో ఒక్కటే మాట: మీటర్ ఎరుపులోకి పోనివ్వకండి. శ్రుతి కలపడం కూడా ఉంది కానీ దానికి తొందరేం లేదు. శ్రుతులకు అంకె, అక్షరం పెట్టి చూపే కామెలాట్ చక్రంలో 8ఏ పాట పక్కన 7ఏ, 9ఏ, 8బీ సాధారణంగా నప్పుతాయని గుర్తుంటే ప్రస్తుతానికి చాలు. కీ లాక్ (వేగం మారినా శ్రుతిని కదలనివ్వని బటన్) లేకుండా టెంపోని దాదాపు 6 శాతం మారిస్తే శ్రుతి ఒక అర స్వరం జరుగుతుందని కూడా తెలిసుండాలి.

ప్రతి సాధననీ రికార్డు చేసి మర్నాడు వినండి. కలుపుతున్నప్పుడు చేతుల మీదుండే ధ్యాస అప్పుడు చెవి మీద ఉంటుంది. చెవులు జాగ్రత్త, హెడ్‌ఫోన్ శబ్దం తక్కువగా పెట్టుకునే సాధన చెయ్యండి. పెద్ద స్పీకర్ల దగ్గర నిలబడాల్సి వస్తే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక కొనడం. మిక్స్ (Mixxx) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోనే మొదలుపెట్టొచ్చు. కంట్రోలర్ కొంటే రెండు చానెళ్లు, మూడు నాబ్‌ల ఈక్యూ (బేస్, మధ్య, పై ధ్వనుల్ని విడిగా తగ్గించే మీటలు), పొడవైన పిచ్ ఫేడర్, ముఖ్యంగా స్పీకర్లకు ఒకటి, హెడ్‌ఫోన్స్‌కి ఒకటి విడివిడి అవుట్‌పుట్‌లు ఉన్నాయో లేదో చూడండి. ఆ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ లేకపోతే వచ్చే పాటను ముందుగా వినడమే కుదరదు. రంగురంగుల ప్యాడ్‌లు ఎన్నున్నాయన్నది ఇప్పుడు పట్టించుకోనక్కర్లేదు.