ఆ పొడి కలపొద్దు తల్లీ

ప్రశ్న: మా ఆయన 108 బండికి పైలట్, అంటే డ్రైవర్. దగదర్తి దగ్గర హైవే మీద యాక్సిడెంట్ అయితే ఒక పసిబిడ్డని చేతుల మీద మోసుకొచ్చినాడు. అప్పట్నించి మనిషి మనిషిలా లేడు. డ్యూటీ దిగితే క్వార్టర్ పడాల్సిందే, ఇప్పుడది రెండయింది. నడిరేయి లేచి కూర్చుని చేతులు తుడుచుకుంటా ఉంటాడు. పోయినేడు అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తే, మూడో రోజుకి ఒళ్లంతా వణుకు, లేనివాళ్లతో మాటలు. అపచారం జరిగిందని మాల తీయించారు. ఇప్పుడు తెలిసినాయన ఒక పొడి ఇచ్చి, చెప్పకుండా సాంబార్లో కలపమన్నాడు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోతే ఉద్యోగం ఊడుతుందని ఈయన కదలడు. ఏం చెయ్యాల?
- ఒక సోదరి, కావలి

జవాబు: ముందు ఆ పొట్లం పక్కన పెట్టమ్మా. అందులో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మందు ఉంటే కొంప మునుగుతుంది. ఆ మందు మేమూ రాస్తాం, కానీ తెలిసి ఒప్పుకున్నవాళ్లకే. తెలియకుండా కడుపులో పడి, పైన తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుట్టి, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆ పొడి ఆపిన రెండు వారాల దాకా ఆ భయం పోదు.

మాల సంగతిలో ఏ అపచారమూ లేదు. రోజూ తాగే మనిషి ఉన్నపళంగా ఆపితే జరిగేదే అది. మొదటిరోజు చెమటలు, వణుకు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో లేనివి కనిపిస్తాయి. ఇంట్లో ఉంచితే చనిపోయినవాళ్లున్నారు. దీక్షాబలం లేక కాదు తల్లీ, విటమిన్ బి1 ఇంజెక్షన్లూ వణుకు తగ్గించే మాత్రలూ పడక. ఈసారి మాన్పించేది నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రిలో, మానసిక వైద్య విభాగంలో. ఈలోపు ఫిట్స్ వస్తే 108కే ఫోన్ చెయ్. తోటివాళ్లు చూస్తారని ఆగొద్దు.

తాగుడు ఒక్కటే మాన్పిస్తే సరిపోదు. ఆ బిడ్డ ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. నిద్ర కోసం తాగుతున్నానంటాడు. మందు కళ్లు మూయిస్తుంది నిజమే, తెల్లారుజామున నిద్ర చెదరగొట్టేదీ అదే. ఈ పీడకలలకి కౌన్సెలింగ్ ఉంది, మాత్రలున్నాయి. సరిహద్దులో చేసొచ్చిన మాజీ సైనికులకూ ఇదే వైద్యం. వాళ్లకి 2003 నుంచి ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది, అయినా సిగ్గుపడి రారు. మగవాళ్లు మోకాలి నొప్పికైతే పరిగెత్తుకొస్తారు!

ఉద్యోగం మాటకొస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు మేం గోప్యంగా ఉంచాల్సిందే. నిజానికి ఉద్యోగానికి ముప్పు తాగి స్టీరింగ్ పట్టడం వల్లే. మాన్పించే మాత్రలకి మగత ఉంటుంది, ఆ రోజులు సెలవు పెట్టించు.

'తాగుడు మాన్పిస్తారు రా' అంటే రాడు. 'నిద్ర పట్టడానికి మందిస్తారంట' అని చెప్పి చూడు. అప్పటికీ రాకపోతే 14416కి నువ్వే చెయ్. టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బుల్లేవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.