పాత ఐపాడ్‌కి ఏ కారు స్టీరియో?

అన్నా, ఐపాడ్ క్లాసిక్‌కి కుదిరే స్టీరియో అడిగారు కదా. షాపువాళ్లు ఎంత చెప్పినా బ్లూటూత్‌ని నమ్ముకుని కొనకండి, ఆ ఐపాడ్‌లో బ్లూటూతే లేదు. డబ్బా మీద "మేడ్ ఫర్ ఐపాడ్" అని, కింద మీ మోడల్ పేరు కూడా ఉందేమో చూడండి. ఉంటే యూఎస్‌బీ కేబుల్ ఒక్కటి చాలు. పాటల లిస్టు స్టీరియో మీదే కనిపిస్తుంది, చార్జింగూ ఎక్కుతుంది.

ఆక్స్‌తోనూ, అంటే ఐపాడ్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి స్టీరియోకి పెట్టే వైరుతోనూ, పాట వస్తుంది కానీ మార్చాలంటే ప్రతిసారీ ఐపాడ్ చేతిలోకి తీసుకోవాలి. బండి నడుపుతూ అది వద్దే వద్దు. పైగా ఆక్స్ పెట్టి, లైటర్ సాకెట్ నుంచి చార్జింగూ పెడితే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో కుయ్యిమని సన్నటి మోత రావచ్చు. ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే, ఆ మోతని అడ్డుకునే చిన్న పరికరం పెడితే తగ్గుతుంది.

డబ్బులిచ్చే ముందు మీ ఐపాడ్, మీ కేబులే పట్టుకెళ్లి అక్కడే పాడించి చూడండి.