ఫాసిజం చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్టన్ ఎందుకంత ముఖ్యం?

ఫ్రాన్స్ తన గురించి తాను చెప్పుకున్న కథను కాగితాల సాక్ష్యంతో మార్చేసిన అమెరికన్ ఆయన.

1940లో జర్మనీ చేతిలో ఓడాక ఫ్రాన్స్‌లో మార్షల్ పెటైన్ నాయకత్వాన, విషీ పట్టణం కేంద్రంగా విషీ ప్రభుత్వం ఏర్పడింది. జర్మన్ల నుంచి కాపాడుతూ పెటైన్ ప్రజలకు డాలులా నిలబడ్డాడని యుద్ధం తర్వాత చాలామంది నమ్మారు. 1960లో పరిశోధనకు పారిస్ వెళ్లిన పాక్స్టన్‌కు అక్కడి ప్రభుత్వ ఫైళ్లు అందలేదు. ఆయన ఊరుకోలేదు. యుద్ధంలో అమెరికా చేజిక్కించుకున్న జర్మన్ పత్రాలను మైక్రోఫిల్ముల్లో ఒక్కొక్కటే చదివారు. చూస్తే కథ తిరగబడింది: మీతో కలిసి పనిచేస్తామని జర్మనీ వెంటపడింది విషీ వాళ్లే! 1940 అక్టోబరులో యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తప్పించిన చట్టం కూడా వాళ్ల సొంత నిర్ణయమే. 1972లో ఇదంతా పుస్తకంగా వచ్చాక ఫ్రాన్స్‌లో పెద్ద దుమారం రేగింది. ఆ మైక్రోఫిల్ముల ఓపికే నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

ఆయన అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. 1997లో, యూదులను నాజీ శిబిరాలకు తరలించిన కేసులో మోరిస్ పాపన్ అనే మాజీ విషీ అధికారిపై బోర్డోలో జరిగిన విచారణలో సాక్ష్యం ఇచ్చారు.

ఫాసిజాన్ని దాని మాటలతో కాదు, చేతలతో అంచనా వేయాలన్నది 2004 నాటి ఆయన పుస్తకంలోని ప్రధాన వాదన. ఫాసిస్టు అన్న ముద్రను ఎవరికి పడితే వాళ్లకు తగిలించడం ఆయనకు నచ్చదు. ట్రంప్ విషయంలోనూ ఏళ్ల తరబడి వద్దనే అన్నారు. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో కాపిటల్ భవనంపై దాడి చూశాకే తన అభ్యంతరం పోయిందని బహిరంగంగా రాశారు.