పాత ల్యాప్‌టాప్‌లో ఏ ఆఫీస్ వేయించాలి? ఒక బీకాం విద్యార్థి తండ్రికి జవాబు

ప్రశ్న: మేడం గారూ, మాది నరసరావుపేట దగ్గర పల్లె. నేను ఎరువుల షాపులో గుమస్తాగా చేస్తున్నాను. మా అబ్బాయి బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ రెండో సంవత్సరం. మా తోడల్లుడి కొడుకు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని పాతది వీడికి ఇచ్చాడు. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఎంఎస్ ఆఫీస్ మాత్రం లేదు. టౌన్‌లో కంప్యూటర్ షాపతను 500 ఇస్తే క్రాక్ వేసిస్తానంటున్నాడు. కాలేజీలో ఒక సార్ ఓపెన్ ఆఫీస్ వేసుకోమన్నారట. ఫ్రెండ్స్ డబ్ల్యూపీఎస్ అంటున్నారట. ఫ్రీగా వచ్చేవాటి మీద నేర్చుకుంటే రేపు ఉద్యోగానికి పనికిరాదేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. అప్పు చేసైనా కొత్తది కొనమంటారా?

జవాబు: నమస్తే అండీ. అప్పు చేయకండి. ఆఫీస్ పని నేర్చుకోవడానికి ఆ ల్యాప్‌టాప్ మీ అబ్బాయి డిగ్రీ పూర్తయ్యేదాకా సరిపోతుంది. అందులో లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేయించండి. ఉద్యోగం గురించిన మీ భయం నాకు అర్థమైంది, దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

ముందు ఆ 500 రూపాయల సంగతి. క్రాక్ అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీ. క్రాక్ వేసేటప్పుడు షాపతను మొదట చేసే పని యాంటీవైరస్‌ను ఆపేయడం. అంటే ఎవరు తయారుచేశారో తెలియని ప్రోగ్రాం చేతికి కంప్యూటర్ మొత్తం అప్పగించినట్టే. అదే ల్యాప్‌టాప్‌లో మీ అబ్బాయి స్కాలర్‌షిప్‌కు అప్లై చేస్తాడు, ఆధార్ కాపీ దాచుకుంటాడు, ఎప్పుడో ఒకసారి మీ బ్యాంకు ఖాతా కూడా తెరుస్తాడు. పాస్‌వర్డ్‌లు కాజేసే ప్రోగ్రాంలు తరచుగా ఇలాంటి క్రాక్‌ల వెంట వస్తాయి. పైగా నాలుగు రోజులు పోతే ఇంకొకరి డబ్బుకు లెక్కలు రాయాల్సిన పిల్లవాడు. దొంగ కాపీతో చదువు మొదలుపెట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

కాలేజీ సార్ చెప్పిన ఓపెన్ ఆఫీస్ ఒకప్పుడు మంచి సలహానే. జర్మనీలో పుట్టిన స్టార్ ఆఫీస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొన్నది. మరుసటి ఏడాది దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రాం అసలు రాతను, అందరికీ ఇచ్చేసింది. ఓపెన్ ఆఫీస్ అలా వచ్చింది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి పోయింది. ఆ కోడ్ రాస్తున్నవాళ్లలో చాలామంది అదే ఏడాది బయటికి వచ్చి, డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టుకుని, అదే కోడ్‌ను లిబ్రేఆఫీస్ పేరుతో ముందుకు తీసుకెళ్లారు. పాత పేరు 2011లో అపాచీ ఫౌండేషన్‌కు చేరింది. అందుకే పేరు ఓపెన్ ఆఫీస్‌దే ఎక్కువమందికి గుర్తుంది కానీ, అసలు పని లిబ్రేఆఫీస్‌లోనే సాగుతోంది. మీకు ఒక్క తేడా తెలిస్తే చాలు. అపాచీ ఓపెన్ ఆఫీస్ ఈనాటి వర్డ్ ఫైలును, అంటే డాక్ఎక్స్‌ను, తెరుస్తుంది కానీ ఆ రకంగా సేవ్ చేయలేదు. కాలేజీలో అసైన్‌మెంట్ అడిగేది ఆ రకంలోనే. లిబ్రేఆఫీస్ తెరుస్తుంది, సేవ్ కూడా చేస్తుంది.

డబ్ల్యూపీఎస్ చూడటానికి ఎంఎస్ ఆఫీస్‌లాగే ఉంటుంది, పిల్లలకు నచ్చడం సహజం. అయితే అది ఓపెన్ సోర్స్ కాదు, అంటే దాని కోడ్ అందరికీ ఇవ్వలేదు, ఫ్రీ వెర్షన్‌లో ప్రకటనలు వస్తాయి, కొన్ని పనులకు డబ్బు కట్టమంటుంది. ఓన్లీఆఫీస్ అని ఇంకొకటి ఉంది, అది ఓపెన్ సోర్సే, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను దాదాపు ఉన్నదున్నట్టు చూపిస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే రెండూ వేసుకోమనేదాన్ని, 4 జీబీకి లిబ్రేఆఫీస్ ఒక్కటి చాలు. అబీవర్డ్, న్యుమెరిక్ అనే తేలికపాటివి లైనక్స్‌లో (విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్) బాగుంటాయి కానీ, విండోస్‌కు వాటి కొత్త వెర్షన్లు ఆగిపోయి చాలాకాలమైంది. గూగుల్ డాక్స్ నెట్ బాగున్నచోట సరే. పల్లెలో సిగ్నల్ పోయిన రాత్రి రికార్డు ఎలా పూర్తి చేస్తాడు?

ఇప్పుడు యంత్రం సంగతి. లిబ్రేఆఫీస్‌కు ఒకటిన్నర జీబీ ఖాళీ ఉంటే చాలు, ర్యామ్ కూడా తక్కువే అడుగుతుంది. ఆ ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే కారణం ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కాదు, పాత తిరిగే హార్డ్ డిస్క్. దాని బదులు 256 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయిస్తే ఆన్ అవడంలోనే తేడా కనిపిస్తుంది. వీలైతే ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా వేయించండి. ఆ తరానికి డీడీఆర్3ఎల్ రకం పడుతుంది, షాపులో ఆ పేరు చెప్పి అడగండి. ఈ రెండూ కలిపినా కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగమే. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాతే ర్యామ్. పాత హార్డ్ డిస్క్‌ను పారేయకండి, బయట పెట్టుకునే కేస్ ఒకటి కొంటే బ్యాకప్‌కు పనికొస్తుంది.

ఇంకో విషయం కూడా మీకు తెలియాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది కాబట్టి మీ యంత్రానికి అది కుదరదు. ఇలాంటి వాటికి నేను మామూలుగా లైనక్స్‌లో తేలికైన రకం, లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ, చెబుతాను. 4 జీబీలో హాయిగా నడుస్తుంది, లిబ్రేఆఫీస్ అందులో ముందే ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. కానీ మీ అబ్బాయిది బీకాం. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది. అందుకని విండోస్ తీసేయకుండా, ఎస్ఎస్‌డీ మార్చేటప్పుడే రెండూ పక్కపక్కన వేయించండి. ట్యాలీ పనికి విండోస్. నెట్, బ్యాంకు, మిగతా చదువుకు మింట్. ఇది నేర్చుకోవడానికి అబ్బాయికి ఒక ఆదివారం పడుతుంది, అంతే.

లిబ్రేఆఫీస్‌ను వాళ్ల సొంత సైటు లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోవాలి. మూడు నాలుగు వందల ఎంబీ ఉంటుంది. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఆ పేజీ మూసేయమనండి. వేసుకున్న రోజే టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి కొన్ని మార్చుకోవాలి. లోడ్ అండ్ సేవ్ కింద జనరల్‌లో టెక్స్ట్ ఫైళ్లకు వర్డ్ ఫార్మాట్, స్ప్రెడ్‌షీట్లకు ఎక్సెల్ ఫార్మాట్ ఎంచుకుంటే, ప్రతిసారీ సేవ్ చేసేటప్పుడు ఆలోచించక్కర్లేదు. ఆటో రికవరీ పది నిమిషాలకు ఒకసారి అని ఉంటుంది, దాన్ని మూడుకు తగ్గించాలి. పాత బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం కదా. అడ్వాన్స్‌డ్‌లో జావా టిక్ తీసేస్తే తెరుచుకోవడం కాస్త చురుగ్గా ఉంటుంది. బేస్ అనే డేటాబేస్ పని వచ్చినప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కు వెళ్లి ట్యాబ్డ్ ఎంచుకుంటే పైభాగం ల్యాబ్‌లో చూసే వర్డ్ లాగే కనిపిస్తుంది.

పిల్లలు ఎక్కువగా కంగారుపడేది ఫాంట్ దగ్గర. ఇంట్లో ఒక పేజీలో సర్దుకున్న రెజ్యూమె కాలేజీలో తెరిస్తే రెండు లైన్లు రెండో పేజీకి జారిపోతాయి. వెంటనే ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఇంతే’ అంటారు. ఇది ఎక్కువగా ఫాంట్ వల్లే జరుగుతుంది. వర్డ్‌లో చాలా ఏళ్లుగా వచ్చిన కాలిబ్రి మైక్రోసాఫ్ట్ ఫాంట్, అది లేని కంప్యూటర్లో లిబ్రేఆఫీస్ కార్లిటో వాడుతుంది. రెండింటిలో అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి లైన్లు కదలవు. టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్ అలాగే పనిచేస్తుంది. నెట్‌లో దొరికిన రంగురంగుల మోడల్ తీసుకుని, అందులో ఏదో వింత ఫాంట్ ఉంటేనే చిక్కు. మామూలు ఫాంట్ వాడి, ఖాళీల కోసం స్పేస్ బార్ నొక్కుకుంటూ పోకుండా ట్యాబ్, టేబుల్ వాడితే ఆ గొడవ రాదు. ఇక దిద్దాల్సిన అవసరం లేని ఏ కాగితమైనా, రెజ్యూమె అయినా ప్రాజెక్ట్ రిపోర్ట్ అయినా, పీడీఎఫ్ చేసి పంపాలి. లిబ్రేఆఫీస్‌లో దానికి పైనే బటన్ ఉంది.

ఇప్పుడు మీ అసలు భయం. అకౌంట్స్ ఉద్యోగానికి పిలిచిన చోట ఎక్సెల్ వచ్చా అని అడుగుతారు, నిజమే. కానీ వాళ్లు చూసేది అబ్బాయి ఏ బటన్ ఎక్కడుందో కంఠతా చెబుతాడా అని కాదు. ఒక చిందరవందర షీటు ఇచ్చి అందులోంచి లెక్క తీయమంటారు. సమ్‌ఇఫ్, వీలుకప్, పివట్ టేబుల్, ఫిల్టర్, ఇవన్నీ లిబ్రేఆఫీస్‌లో ఎక్సెల్ లాంటి భాగమైన కాల్క్‌లో అవే పేర్లతో ఉన్నాయి. వీలుకప్‌కు కొత్త రూపమైన ఎక్స్‌లుకప్ కూడా 24.8 వెర్షన్‌తో వచ్చేసింది.

మీరు ఎరువుల షాపులో చేస్తున్నారు కాబట్టి మీ ఇంట్లోనే మంచి అభ్యాసం ఉంది. యజమానిని అడిగి, రైతుల పేర్లు లేకుండా, ఒక నెల బిల్లుల్లోని సరుకు, సంఖ్య, ధర మాత్రం అబ్బాయికి ఇవ్వండి. ఒక షీటులో సరుకుల పట్టిక రాయమనండి: యూరియా, డీఏపీ, పొటాష్, పురుగుమందులు, ఎదురుగా జీఎస్టీ శాతం. ఎరువులకు 5, మామూలు రసాయన పురుగుమందులకు 18. రెండో షీటులో బిల్లులు. సరుకు పేరు కొట్టగానే పన్ను శాతం మొదటి షీటు నుంచి దానంతట అదే రావాలి, అదే వీలుకప్. ఆ తర్వాత అసలు పరీక్ష. బస్తా మీద ముద్రించిన ధరలో పన్ను కలిసే ఉంటుంది. 1,350 రూపాయల డీఏపీ బస్తాలో పన్ను ఎంత అంటే చాలామంది పిల్లలు 1,350లో 5 శాతం తీసి 67.50 అని రాసేస్తారు. అది తప్పు. 1,350ని 105తో భాగించి 5తో గుణించాలి, 64.29 వస్తుంది. అందులో సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ. ఈ ఒక్క లెక్క అర్థమైన పిల్లవాడు ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చినా భయపడడు. చివర్లో ఏ సరుకు ఎంత అమ్ముడైందో పివట్ టేబుల్ తీసి మీకు చూపించమనండి. ఆ షీటును పెన్‌డ్రైవ్‌లో ఇంటర్వ్యూకు తీసుకెళ్లవచ్చు, అక్కడి ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది.

తేడాలు లేవని నేను అనను. వేరే షీటులోని గడిని పిలవాలంటే ఎక్సెల్‌లో షీటు పేరు తర్వాత ఆశ్చర్యార్థకం పెడతారు, కాల్క్‌లో చుక్క పెడతారు. ఆప్షన్స్‌లో కాల్క్ కింద ఫార్ములా దగ్గర సింటాక్స్‌ను ఎక్సెల్ ఏ1 అని మారిస్తే ఇక్కడా ఆశ్చర్యార్థకమే వస్తుంది. మార్చుకోవడమే మంచిది, రేపు చెయ్యి తడబడదు. బయటి డేటాను తెచ్చి సర్దే పవర్ క్వెరీ లాంటివి కాల్క్‌లో లేవు. ఎక్సెల్‌లో రాసిన మ్యాక్రోలు, అంటే పనిని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాంలు, కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. వాటి అవసరం పెద్ద కంపెనీల్లో డేటా పని చేసేవాళ్లకు వస్తుంది. మీ అబ్బాయి అటు వెళ్లాలనుకుంటే మూడో సంవత్సరంలో కాలేజీ ల్యాబ్‌లో ఎక్సెల్ మీద కూర్చోవాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిస్తే బ్రౌజర్‌లో ఎక్సెల్ డబ్బులేకుండానే వస్తుంది. కాలేజీ మెయిల్ ఐడీ ఇచ్చిందేమో కూడా కనుక్కోమనండి, దానితో ఆఫీస్ ఉచితంగా దొరికే కాలేజీలు ఉన్నాయి.

లిబ్రేఆఫీస్ అంటే ఎవరికీ తెలియని వస్తువు అనుకోకండి. సీబీఎస్ఈ పదో తరగతి ఐటీ సబ్జెక్టులో లిబ్రేఆఫీస్ భాగాలైన రైటర్ (వర్డ్ లాంటిది), కాల్క్, బేస్‌లే పాఠాలు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్పుతున్నారు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లిబ్రేఆఫీస్ పాఠాలు చిన్న చిన్న వీడియోలుగా ఉన్నాయి, తెలుగులో కూడా దొరుకుతాయి. మూడు వేలు కట్టి కోచింగ్‌లో చేర్చే ముందు అవి చూడనివ్వండి. వీడియో చూస్తూ పక్కనే తానూ చేయాలి, ఊరికే చూస్తే ఏమీ రాదు.

ట్యాలీ గురించి మీరు అడగలేదు కానీ బీకాం పిల్లవాడికి అది తప్పదు. ట్యాలీ ప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలే తీసుకుంటుంది, నేర్చుకోవడానికి అది అడ్డం కాదు. దానికీ క్రాక్ వేయించకండి. రెజ్యూమెలో ‘ఎంఎస్ ఎక్సెల్, లిబ్రేఆఫీస్ కాల్క్, ట్యాలీ ప్రైమ్’ అని మూడూ రాయమనండి, నిజంగా చేతితో చేసినవైతేనే.

గ్రూప్ 2 లాంటి ఉద్యోగాల ఆలోచన ఉంటే వాటిలో కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ ఉంటుంది. టైపింగ్, ఉత్తరం ఫార్మాట్, టేబుల్, స్లైడ్లు అన్నీ ఇంట్లో లిబ్రేఆఫీస్ మీద సాధన చేయవచ్చు. టెస్ట్ ఏ సాఫ్ట్‌వేర్ మీద పెడతారో నోటిఫికేషన్‌లో చూసి, చివరి నెల మాత్రం దాని మీదే కూర్చోవాలి.